మయూరి తర్వాత ఎవరు?

సింగీతం శ్రీనివాసరావు 1981లో 'అమావాస్య చంద్రుడు' తీశారు. అందులో అంధుడైన వయొలిన్ కళాకారుడిగా కమల్‌హాసన్ నటించారు. ఆ దశాబ్దం నడుమ సింగీతమే 'మయూరి' తీశారు. ప్రమాదంలో కాలు పోయిన నర్తకి కథ అది. నిజంగా కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్‌తోనే ఆ వేషం వేయించారు. 1989లో తమిళంలో తీసి, తెలుగులో 'విచిత్ర సోదరులు'గా వచ్చిన సినిమాలో మరుగుజ్జు పాత్ర కోసం మళ్లీ కమల్‌హాసన్‌నే మోకాళ్ల మీద నడిపించారు. అంధుడి పాత్రకు చూపున్న నటుడు, కాలు పోయిన అమ్మాయి పాత్రకు ఆ అమ్మాయే, పొట్టివాడి పాత్రకు నిండు మనిషి. పదేళ్లు తిరక్కుండానే ఒకే దర్శకుడు ఒకే ప్రశ్నకు రెండు రకాల జవాబులిచ్చారు. ఆ మూడు సినిమాలనూ ఇవాళ్టికీ మనం గౌరవంగానే తలుచుకుంటాం.

వికలాంగుల పాత్రలు వికలాంగులే వేయాలన్న వాదన ఇప్పుడు లోకమంతా గట్టిగా వినపడుతోంది. మన దగ్గర మాత్రం దాన్ని విదేశీ పట్టింపుగా చూసి నవ్వి వదిలేసేవాళ్లే ఎక్కువ. నవ్వి వదిలేసే సంగతి కాదిది. అలాగని ఆ వాదనను ఉన్నదున్నట్టు తలకెత్తుకోవడమూ నాకు సమ్మతం కాదు.

ఈ మాట జోగిపేటలో కూర్చుని రాయడానికి కారణముంది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరిది. సినిమా నటుడు బాబూమోహన్‌ను అసెంబ్లీకి పంపిన అందోలు నియోజకవర్గమూ ఇదే. కాబట్టి హక్కుల మాటా, సినిమా మాటా రెండూ ఇక్కడివారికి పరాయివి కావు. అసలు కారణం ఇంకొకటి. జోగిపేట, సంగారెడ్డి చుట్టుపక్కల ఊళ్ల నుంచి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం ఫ్యాక్టరీలకు షిఫ్టులకెళ్లే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఈ ప్రాంతంలో వైకల్యం పుట్టుకతోనో పోలియోతోనో మాత్రమే రాదు. ప్రెస్ మెషీన్ కిందినుంచి వస్తుంది, రియాక్టర్ దగ్గర నుంచి వస్తుంది. "కంపెనీల చెయ్యి పోయింది" అన్న మాటకు ఇక్కడ వివరణ అక్కర్లేదు.

1923 నాటి కార్మిక పరిహార చట్టం చివర ఒక పట్టిక ఉండేది. బొటనవేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. చూపుడువేలికి 14 శాతం, నడిమివేలికి 12. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. మనిషి అవయవాలను ఇంత తాపీగా లెక్కగట్టిన కాగితం మరొకటి నేను చదవలేదు. ఆ కాగితంలో లేనిది చూడాలంటే మనిషి దగ్గరకు వెళ్లాలి. కుడిచేతికి రెండు వేళ్లే మిగిలినవాడు గుండీల చొక్కా మానేసి టీషర్టుకు మారతాడు. ప్యాకెట్ పళ్లతో చింపుతాడు. పెళ్లిలో ఫొటో తీసేటప్పుడు ఆ చెయ్యి జేబులోకో, పక్కవాడి వీపు వెనక్కో దానంతటదే పోతుంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక కంటిపాప చూపించడానికి వంగినప్పుడు, వెనక లైన్లో ఉన్నవాళ్ల మొహాలు చూడకుండా ఉండడం నేర్చుకుంటాడు. ఎడమచేతి వేళ్లు పోతే బైకు క్లచ్ పట్టడం కుదరక గేర్లు లేని స్కూటీ కొంటాడు. గ్రాఫిక్స్‌తో నటుడి చేతికి మూడు వేళ్లు చెరిపేయడం ఇవాళ గంటల పని. ఆ చెయ్యి జేబులోకి ఎప్పుడు పోవాలో గ్రాఫిక్స్‌కు తెలియదు.

వికలాంగ నటులే వేయాలనేవారి బలమంతా ఇక్కడుంది. వైకల్యం అంటే కుంటడమో తడబడడమో కాదు, ఇలాంటి వెయ్యి చిన్న సర్దుబాట్ల జీవితం అంటారు వాళ్లు. నిజమే. మన సినిమా చాలాకాలం ఆ సర్దుబాట్లను చూడనేలేదు. దానికి వైకల్యం మూడింటికే పనికొచ్చింది: ఏడిపించడానికి, నవ్వించడానికి, విలనీకి గుర్తు పెట్టడానికి. రామాయణంలో మంథర గూని దగ్గర మొదలై, 'బాహుబలి'లో బిజ్జలదేవుడి అవిటి చెయ్యి దాకా మూడోది నిరాటంకంగా సాగుతూనే ఉంది. నత్తి, చెవుడు హాస్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ నవ్వుల్లో మనమంతా వాటాదారులమే.

దీనికితోడు పురస్కారాల యావ ఒకటి. పెద్ద హీరోకు చక్రాల కుర్చీయో నల్లకళ్లద్దాలో ఇస్తే నటనలో కొత్త కోణం చూపించాడంటారు. 'ఊపిరి'లో నాగార్జున, 'రాజా ది గ్రేట్'లో రవితేజ, 'నిశ్శబ్దం'లో అనుష్క, 'జై లవ కుశ'లో నత్తి ఉన్న జై పాత్రలో ఎన్టీఆర్. వీరంతా కష్టపడ్డారు, కొందరు అద్భుతంగా చేశారు. 'రంగస్థలం' చిట్టిబాబుది నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ. రామ్‌చరణ్‌కు చెవుడు లేదు. కానీ సుకుమార్ ఆ చెవుడును జాలి కోసం వాడలేదు, కథను నడిపించడానికి వాడారు. చిట్టిబాబు పొగరూ, ప్రేమా, పొరపాటూ అన్నీ ఆ వినికిడి చుట్టూనే తిరుగుతాయి. మొదట బాగుపడాల్సింది నటుల ఎంపిక కంటే కథ రాసే గది అని నాకు అనిపించడానికి చిట్టిబాబే కారణం.

కానీ వికలాంగ నటుడు వేస్తే తెర మీద ఏం మారుతుందో తెలియాలంటే రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూడాలి. 2014లో ఫ్రాన్సులో 'లా ఫామీ బెలియే' వచ్చింది. బధిర తల్లిదండ్రులు, వినగలిగే కూతురు. ఆ తల్లిదండ్రులుగా నటించింది వినగలిగేవాళ్లే. సంకేత భాష సరిగా లేదని అక్కడి బధిరులు మండిపడ్డారు. అదే కథను అమెరికాలో 'కోడా'గా తీసినప్పుడు బధిర పాత్రలన్నిటికీ బధిర నటులనే తీసుకున్నారు. తండ్రి పాత్రకు వినగలిగే స్టార్‌ను పెడదామని డబ్బు పెట్టేవాళ్లు అంటే, తల్లి పాత్రధారిణి మార్లీ మాట్లిన్ అలాగైతే తాను తప్పుకుంటానని తేల్చిచెప్పారు. 2022 ఆస్కార్లలో అది ఉత్తమ చిత్రం. తండ్రిగా వేసిన ట్రాయ్ కాట్సర్ ఉత్తమ సహాయ నటుడు. స్టార్ లేకపోతే సినిమా ఆడదన్న భయానికి అదొక జవాబు. మన దగ్గరా 2025లో ఆమిర్‌ఖాన్ 'సితారే జమీన్ పర్' పదిమంది న్యూరోడైవర్జెంట్ నటులతో వచ్చింది. అక్కడ స్టార్ ఉన్నారు, వాళ్లూ ఉన్నారు. దాని మాతృక స్పానిష్ 'కాంపియోనెస్'లో నటించిన హెసూస్ విదాల్‌కు ఆ దేశపు గోయా పురస్కారాల్లో ఉత్తమ నూతన నటుడి బహుమతి దక్కింది.

మరి "మాత్రమే" అన్న మాట దగ్గర నాకెందుకు పేచీ?

పరకాయ ప్రవేశం మన నటనకు ప్రాణం. స్థానం నరసింహారావు సత్యభామగా రంగం మీదికొస్తే, ఇంటి ఆడవాళ్లు ఆయన కట్టూ బొట్టూ చూసి నేర్చుకునేవారట. వేదాంతం సత్యనారాయణశర్మ భామాకలాపం చూసినవాళ్లు మగవాణ్ణి చూశామని చెప్పరు. తాను కానిది అయి చూపించడమే కళ అయినప్పుడు, నీ ఒంట్లో ఉన్నదే వేయాలంటే మిగిలేది గుర్తింపు కార్డుల నాటకమే. అయితే ఈ వాదన చేసేవాళ్లు అక్కడితో ఆగిపోతారు. ఆ చరిత్రలో రెండో సగం ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాలు ఆడవేషాలకు ఆడవాళ్లనే రంగం ఎక్కించాయి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా కనిపించింది ఆ సురభి బిడ్డ కమలాబాయే. మగవాళ్లు ఆడవేషం వేయకూడదని ఎవరూ చట్టం చేయలేదు. ఆడవాళ్లు రంగం మీదికి రాగానే ప్రేక్షకుడికి తేడా తెలిసింది, అంతే. స్థానం వారి గొప్పతనం దానితో తరగలేదు. కానీ స్త్రీ రంగం ఎక్కే దారే లేని రోజుల్లో "కళకు లింగభేదం లేదు" అనడం ఎంత చెల్లుతుందో, వికలాంగుడు స్టూడియో గేటు దాటలేని రోజుల్లో "నటుడు ఏ పాత్రయినా వేయొచ్చు" అనడమూ అంతే చెల్లుతుంది.

"మాత్రమే"తో రెండో చిక్కు, ఎవరు లోపల, ఎవరు బయట అన్నది. వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపుకు వెళ్లినవాళ్లకు ఈ చిక్కు బాగా తెలుసు. మీసేవలో స్లాట్, డాక్టర్ల ముందు వరస, చివరికి ఒక అంకె. 40 శాతం దాటితే పింఛనూ బస్ పాసూ, 38 వస్తే ఇంటికి. నటుణ్ణీ ఇలాగే సర్టిఫికెట్ అడుగుదామా? దగ్గుబాటి రానా తన కుడికన్ను కనపడదని టీవీ కార్యక్రమంలో తానే చెప్పారు. 'బాహుబలి'లో ఆయన్ను భల్లాలదేవుడిగా చూసిన కోట్లమందిలో ఆ సంగతి ఎందరికి తట్టింది? అదే సినిమాలో ఆయన తండ్రి బిజ్జలదేవుడిగా అవిటి చేతితో కనిపించిన నాజర్‌కు ఏ వైకల్యమూ లేదు. తెర మీద వికలాంగుడు ఒకరు, తెర వెనక ఒంటికన్ను చూపుతో నెట్టుకొచ్చింది ఇంకొకరు. మానసిక అనారోగ్యం, మూర్ఛ, తలసేమియా లాంటి కంటికి కనపడనివి వేరే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో చాలావాటిని నటుడు బయటపెట్టాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. "మాత్రమే" అన్న నిబంధన వస్తే ఆ ఇష్టం పోతుంది.

మూడో చిక్కు పెద్దది. దానికి మన దగ్గర పేరుంది: పొట్టి వీరయ్య. సూర్యాపేట ప్రాంతపు ఫణిగిరి నుంచి మద్రాసు చేరి, విఠలాచార్య జానపదాల నుంచి వందల సినిమాల్లో కనిపించిన మనిషి. 2021 ఏప్రిల్‌లో పోయారు. ఆయనకు వేషాలు రాలేదని ఎవరూ అనలేరు. వచ్చిన వేషాలన్నీ ఆయన ఎత్తుకు కొలిచి కుట్టినవే. దయ్యానికి ఒక పొట్టి అనుచరుడు కావాలి, హీరో పక్కన నవ్వించడానికి ఒక పొట్టివాడు కావాలి, పిలవండి వీరయ్యను. ఒక గుమాస్తాగా, ఒక తండ్రిగా, ఒక పోస్టుమాస్టర్‌గా ఆయన్ను ఎవరూ ఊహించలేదు. వికలాంగుల పాత్రలు వికలాంగులకే అన్న సూత్రాన్ని తెలుగు సినిమా వీరయ్య విషయంలో తు.చ. తప్పకుండా పాటించింది! ఫలితం అది. మలయాళంలో గిన్నిస్ పక్రు 2005లో 'అద్భుతద్వీపు'కు కథానాయకుడయ్యారు, తర్వాత దర్శకుడూ అయ్యారు. మన దగ్గర ఆ ఊహ రాలేదు.

హాలీవుడ్‌లోనూ ఇదే కథ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక శిక్షణలో రెండు చేతులూ పోగొట్టుకున్న హెరాల్డ్ రసెల్, 1946 నాటి 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్'లో అలాంటి సైనికుడిగానే నటించి ఒకే పాత్రకు రెండు ఆస్కార్లు అందుకున్నారు. చేతుల్లేని మనిషికి సినిమాల్లో ఎన్ని వేషాలుంటాయి, వెళ్లి చదువుకో అని చెప్పింది ఆ సినిమా దర్శకుడు విలియం వైలరే. నిజాయతీగా ఇచ్చిన సలహా. అంత నిజాయతీతోనే పరిశ్రమ తలుపు ఎంత ఇరుకో కూడా చెప్పేసింది.

అందుకే నేను మళ్లీ 'మయూరి' దగ్గరికే వస్తాను. ఆ సినిమాను మనం సాధారణంగా ఒకలా తలుచుకుంటాం: కాలు లేని అమ్మాయి కాలు లేని అమ్మాయిగా నటించింది, జాతీయ స్థాయిలో ప్రత్యేక జ్యూరీ పురస్కారం తెచ్చుకుంది. సుధాచంద్రన్ ప్రమాదం 1981లో, తిరుచిరాపల్లి దగ్గర జరిగింది. సినిమా ఆ తర్వాత కొన్నేళ్లకు తీశారు. అంటే ప్రమాదానికి ముందు రెండు కాళ్లతో ఉన్న మయూరిగా తెర మీద కనిపించే నాటికే ఆమెది జైపూర్ కాలు. వైకల్యం లేని అమ్మాయి పాత్రను కాలు లేని నటి పోషించిందన్నమాట. ఆ కాలిని తయారుచేసింది డాక్టర్ పి.కె. సేఠీతో కలిసి పనిచేసిన రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు. ఒక డాక్టరూ ఒక పనివాడూ కలిసి చేసిన రబ్బరు పాదం, నిండు కాలి పాత్రను మోసింది. ఆ సంగతి గురించి మనం నలభై ఏళ్లుగా పెద్దగా మాట్లాడుకోలేదు.

సుధాచంద్రన్ తర్వాతి జీవితమూ అంతే. హిందీ సీరియళ్లలో రమోలా సికంద్ లాంటి పాత్రలు, పట్టుచీరలూ పెద్దబొట్లూ కోపపు కళ్లూ ఉన్న ప్రతినాయికలు. ఏ పాత్రకూ కాలుతో పనిలేదు. వికలాంగులైన నటులు కోరుకోవాల్సింది ఇదేనని నా తీర్పు. గుడ్డివాడి పాత్ర గుడ్డివాడికే అన్న హక్కు కంటే, బ్యాంకు మేనేజర్ పాత్ర చక్రాల కుర్చీలో ఉన్నవాడికి రావడం పెద్ద మాట. కథలో ఆ కుర్చీ ప్రస్తావనే రాకపోతే ఇంకా పెద్ద మాట. మయూరి తర్వాత మన పరిశ్రమ అలాంటి రెండో నటిని తయారుచేసుకోలేదు. ఇది సుధాచంద్రన్ గొప్పతనం కంటే మన పేదరికాన్నే ఎక్కువ చెబుతుంది.

ఈమధ్య జరిగిన ఒక సంగతి ఇక్కడ గుచ్చుకుంటుంది. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టుకతో చూపులేని శ్రీకాంత్ బొల్లా, ఇంటర్మీడియట్‌లో సైన్స్ చదవడానికి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో న్యాయపోరాటం చేసి గెలిచారు. అమెరికాలో ఎంఐటీలో చదివారు. తిరిగొచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకు పనిచ్చారు. ఆ కథ 2024 మే నెలలో 'శ్రీకాంత్'గా, హిందీలో, రాజ్‌కుమార్ రావ్ నటనతో వచ్చింది. రాజ్‌కుమార్ రావ్ మంచి నటుడు, బాగానే చేశారు. నా బాధ వేరు. ఫ్యాక్టరీలో అంధులకు ఉద్యోగాలిచ్చిన మనిషి కథ సినిమాగా వస్తే, ఆ ఉద్యోగం మాత్రం చూపున్నవాడికి పోయింది. రెండోది, ఇంత తెలుగు కథను తెలుగువాళ్లెవరూ తీయలేదు.

ఉద్యోగం అన్న మాట అనుకోకుండా వాడలేదు. నటన ముందు కళ, కానీ కృష్ణానగర్‌లో అది కూలి కూడా. జోగిపేట నుంచి హైదరాబాద్ సుమారు 80 కిలోమీటర్లు. కాలు సరిగా లేని కుర్రాడు ఆర్టీసీ బస్సు ఎత్తు ఫుట్‌బోర్డు ఎక్కి, అమీర్‌పేటలో దిగి, ఆడిషన్ ఆఫీసు మూడో అంతస్తులో ఉంటే మెట్లెక్కాలి. లిఫ్ట్ ఉంటే అది పాడయి ఉంటుంది. వేషం దొరికినా గంటల తరబడి నిలబడాలి. కారవాన్‌కు నిటారు ఇనుప మెట్లు, సెట్లో మరుగుదొడ్డి ఎక్కడో. 24 క్రాఫ్ట్స్‌లో ఎందులోనైనా యూనియన్ కార్డు లేకపోతే పని లేదు, కార్డుకు డబ్బు కావాలి. ఇవేవీ ఎవరూ కక్షగట్టి చేసినవి కావు. ఆ కుర్రాడు వస్తాడని ఎవరికీ తోచలేదు, అంతే. "తగిన వికలాంగ నటులు దొరకలేదు" అని నిర్మాతలు అంటే నేను నమ్ముతాను. దొరికేలా ఎవరూ చేయలేదు కాబట్టి దొరకలేదు.

చట్టం ఎంతవరకు సాయపడుతుంది? 2016 చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాణ్ణి ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ప్రైవేటుకు ఆ నిబంధన లేదు. ప్రెస్ మెషీన్ దగ్గర వేళ్లు పోయినవాడికి పరిహారం వస్తుంది, పని తిరిగి రావాలన్న హామీ ఆ సెక్షన్ ఇవ్వదు. ప్రైవేటు యాజమాన్యాలకు 35వ సెక్షన్ చెప్పేది ప్రోత్సాహకాల మాటే: సిబ్బందిలో కనీసం ఐదు శాతం వికలాంగులుంటే రాయితీలు. సినిమా పరిశ్రమా ప్రైవేటే. 29వ సెక్షన్ మాత్రం వికలాంగ కళాకారులకు, రచయితలకు వసతులూ సాయమూ అందించమంటుంది. మన రాష్ట్రంలో ఆ సెక్షన్ పేరు చెప్పి ఒక నటనా శిక్షణ శిబిరం నడిపితే పెద్ద ఖర్చేమీ కాదు.

న్యాయస్థానం దారి చూపింది కూడా. 'ఆంఖ్ మిచోలీ' సినిమాపై నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో 2024 జూలై 8న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సినిమా మీద చర్యకు ఒప్పుకోలేదు. కానీ వైకల్యంలోంచి పుట్టే హాస్యం వేరు, వికలాంగుణ్ణి కించపరిచే హాస్యం వేరు అని గీత గీసింది. వాళ్ల గురించి తీసేటప్పుడు వాళ్లను లోపలికి పిలవండి అని సృజనకారులకు చెప్పింది. ఫలానావాళ్లే నటించాలని ఆదేశించలేదు. అది సరైన నిగ్రహమే. కోర్టు పాత్రలు పంచడం మొదలుపెడితే రేపు ఇంకేం పంచుతుందో!

చూసేవాళ్ల సంగతీ ఒక మాట. దృష్టిలోపం, వినికిడి లోపం ఉన్నవారి కోసం సినిమాలకు శ్రవణ వర్ణన, క్యాప్షన్లు ఉండాలని కేంద్ర సమాచార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లా థియేటర్లలో వాటి జాడ ఏ మేరకు ఉందో ఈసారి సినిమాకెళ్లినప్పుడు మీరే చూడండి. బధిరుల మీద తీసిన సినిమాను బధిరుడు చూసి అర్థం చేసుకోలేకపోతే, అందులో ఎవరు నటించారన్న చర్చ ఎవరికోసం?

2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ పరిశ్రమలో పేలుడు యాభైమందికి పైగా మనుషులను మింగింది. చనిపోయినవారి లెక్క పత్రికల్లో రోజూ వచ్చింది. గాయాలతో బతికినవారి మాట కొన్నాళ్లకే సన్నగిల్లింది. ఈ ప్రాంతం మీద రేపు ఎవరో ఒకరు సినిమా తీస్తారు, తీయాలి కూడా. అప్పుడు చర్మం కాలిన మేస్త్రీ పాత్రకూ, వేళ్లు లేని ఆపరేటర్ పాత్రకూ మేకప్‌మ్యాన్‌ను పిలిచే ముందు పటాన్‌చెరులో రెండు రోజులు ఆడిషన్ పెట్టండి. కింది అంతస్తులో పెట్టండి. సరిపోయినవాళ్లు దొరక్కపోతే హీరోనే వేయించుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ వచ్చినవాళ్లలో ఒకణ్ణి సూపర్‌వైజర్ పాత్రకో, పెళ్లికొడుకు పాత్రకో కూడా చూడండి.

రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటే. 2025లో గద్దర్ పేరిట సినిమా అవార్డులు ఇవ్వడం మొదలైంది. వికలాంగ నటులకు, రచయితలకు పనిచ్చిన చిత్రానికి వాటిలో ఒక ప్రోత్సాహకం పెట్టాలి. ఆ అవార్డు ఇచ్చే వేదికకు ర్యాంపు కట్టించాలి.